పొలుసులేని చేప పెంపకం: పళ్లెంలో దాని బలం, తక్కెడలో దాని ధర

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో చేప అనగానే ముందుగా గుర్తుకు వచ్చేది సముద్రపు చేపే. భావనపాడు, కళింగపట్నం, చింతపల్లి తీరాల నుంచి తెల్లవారుజామునే బుట్టల్లోనూ ఆటోల్లోనూ బయలుదేరిన కవళ్లు, కానాగంతలు పొద్దెక్కేసరికి రాజాం, చీపురుపల్లి, బొబ్బిలి వైపు సంతలకు చేరుతాయి. అయితే తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, అంటే 61 రోజులపాటు, మరపడవలూ మోటారు పడవలూ వేటకు వెళ్లరాదు. ఆ రెండు నెలలూ తీరానికి దూరంగా ఉన్న ఊళ్లకు వచ్చే చేప చాలావరకు కొల్లేరు వైపు నుంచి ఐసు పెట్టెల్లో రావలసిందే. మన చెరువుల్లో పెరిగి బతికుండగానే సంతకు చేరగల ఫంగస్, మార్పు, ఇంగిలాయి వంటి పొలుసులేని మీసాల చేపలకు, అంటే క్యాట్‌ఫిష్ రకాలకు, చోటు ఉన్నది సరిగ్గా అక్కడే.

ఈ చేపల్లో పోషక విలువైనా రూపాయి విలువైనా మేత నుంచే వస్తుంది. ఏమి పెడితే అదే కండగా, కొవ్వుగా మారుతుంది. ఎంత తక్కువ మేతతో మారితే రైతుకు అంత మిగులుతుంది. చెరువు తవ్వడానికి ముందే ఈ సంగతి అర్థం చేసుకున్నవారు నష్టపోయిన సందర్భాలు తక్కువ.

ఏ రకాన్ని ఎంచుకోవాలి

మన వ్యాపారులు ఫంగస్ అని పిలిచే పంగాసియస్ ఈ నేలది కాదు. మెకాంగ్, చావో ప్రాయా నదుల్లో పుట్టిన ఈ చేప 1990ల మధ్యకాలంలో బంగ్లాదేశ్ మీదుగా పశ్చిమ బెంగాల్‌కు, అక్కడి నుంచి మన రాష్ట్రానికి వచ్చింది. నీటిలో ప్రాణవాయువు తగ్గినప్పుడు పైకి వచ్చి గాలిని మింగి, తన గాలితిత్తి ద్వారా పీల్చుకోగలదు. చక్కగా మేపితే ఎనిమిది నుంచి పది నెలల్లో కిలో వరకు తూగుతుంది. కండ మధ్య సన్నని ముళ్లు ఉండవు కనుక పిల్లలకూ వృద్ధులకూ భయం లేకుండా పెట్టవచ్చు. హోటళ్లలో అపోలో ఫిష్ పేరుతో మనం తినే ముక్క చాలాచోట్ల ఈ చేపదే.

నాటు మార్పు సంగతి వేరు. మొప్పల పైన చెట్టుకొమ్మల్లా విస్తరించిన ప్రత్యేక అవయవంతో గాలి పీల్చే ఈ చేప ఎనిమిది, పది నెలలు పెంచినా సాధారణంగా 120 నుంచి 150 గ్రాములు మాత్రమే తూగుతుంది. అయినప్పటికీ బతికున్న మార్పుకు కిలో ధర ఫంగస్ కంటే ఎన్నో రెట్లు పలుకుతుంది. జ్వరం పడి లేచినవారికీ బాలింతలకూ పెట్టే చేపగా దానికి ఉన్న పేరు ఇందుకు ఒక కారణం. దీని పిల్ల దొరకడమే కష్టం. హేచరీలో మార్పును పుట్టించాలంటే మగచేపను కోసి వీర్యకోశాన్ని తీయవలసి ఉంటుంది. గుడ్లు అంటుకునే స్వభావం కలవి. గుడ్ల సంఖ్య కూడా బొచ్చె, శీలావతులతో పోలిస్తే స్వల్పం. భువనేశ్వర్ దగ్గరి కౌసల్యాగంగలో ఉన్న కేంద్రీయ మంచినీటి మత్స్య పరిశోధన సంస్థ మార్పు పిల్ల ఉత్పత్తి పద్ధతులను అభివృద్ధి చేసింది. ఇచ్ఛాపురం దాటి రైలెక్కితే కొన్ని గంటల ప్రయాణమే కనుక, శ్రీకాకుళం, విజయనగరం రైతుకు విజయవాడ కంటే ఆ సంస్థే దగ్గర.

ఈ సందర్భంలో ఒక హెచ్చరిక అవసరం. మార్పు పిల్ల పేరుతో ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ పిల్లను అంటగట్టే దళారులు ఉన్నారు. థాయ్ మాగుర్ అని కూడా పిలిచే ఆ చేపను మన దేశంలో పెంచడం, అమ్మడం నిషిద్ధం. అది ఎదురైన ప్రతి చిన్న ప్రాణినీ మింగుతుంది. వరదలో తప్పించుకొని నాగావళిలోనో వంశధారలోనో పడితే స్థానిక చేపల సంతతికే ముప్పు. పిల్ల దశలో తేడా తెలుసుకోవడం కష్టమే గాని, ఎవరైనా "మా మార్పు ఆరు నెలల్లో కిలో అవుతుంది" అని చెప్పారంటే అది నాటు మార్పు కాదని నిశ్చయించుకోవచ్చు.

నా అభిప్రాయంలో ఎకరం అంతకు మించి చెరువు, వేసవిలోనూ ఆగని బోరు ఉన్నవారికి ఫంగస్ తగినది. పది, ఇరవై సెంట్ల గుంట మాత్రమే ఉన్న కుటుంబానికో పొదుపు సంఘానికో మార్పు తగినది. ఇంగిలాయిని ఇప్పటికి మార్పుతో పాటు కొద్దిగా వేసుకోవడం మేలు. దానినే నమ్ముకొని పెట్టుబడి పెట్టమని నేను సలహా ఇవ్వను.

తినేవారికి దక్కేది ఎంత

ఫంగస్ పచ్చికండ 100 గ్రాములలో సుమారు 15 గ్రాముల మాంసకృత్తులు, రెండు నుంచి నాలుగు గ్రాముల కొవ్వు ఉంటాయి. పొట్ట భాగంలో కొవ్వు ఇంతకంటే ఎక్కువ. జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన ప్రమాణాల ప్రకారం పెద్దవారిలో పురుషునికి రోజుకు 54 గ్రాములు, స్త్రీకి సుమారు 46 గ్రాముల మాంసకృత్తులు అవసరం. కాబట్టి 150 గ్రాముల ముక్క స్త్రీకి రోజు అవసరంలో దాదాపు సగం తీరుస్తుంది. అన్నం ప్రధానంగా, పప్పు పలచగా సాగే భోజనంలో ఈ వాటా చిన్నది కాదు. దీనికి తోడు కూరగాయల్లో దొరకని బి12 విటమిన్ చేపలో లభిస్తుంది; పెద్దవారికి రోజుకు 2.2 మైక్రోగ్రాములు చాలు, పెంపకపు క్యాట్‌ఫిష్ 100 గ్రాముల్లో దానికి కొంచెం అటూ ఇటూగా ఉంటుంది.

అయితే అన్ని చేపలకూ ఉండే పొగడ్తలను దీనికి తగిలించడం సరికాదు. గుండెకు మేలు చేసే ఒమేగా-3 కొవ్వులు చెరువు క్యాట్‌ఫిష్‌లో స్వల్పం. ఆ విషయంలో సంతలో చవకగా దొరికే కవళ్ల ముందు ఇది నిలవదు. వేట కాలంలో వారానికి ఒకసారి కవళ్లు, మిగిలిన రోజుల్లో చెరువు చేప తినే ఇల్లు రెండు లాభాలనూ పొందుతుంది.

మేత ప్రభావం ఎంతటిదో అమెరికా వ్యవసాయ శాఖ పోషక పట్టికల్లోని ఒక పోలిక చెబుతుంది. అక్కడి ఛానెల్ క్యాట్‌ఫిష్ నదిలో పెరిగినదైతే 100 గ్రాములకు 16.4 గ్రాముల మాంసకృత్తులు, 2.8 గ్రాముల కొవ్వు. చెరువులో పెంచినదైతే 15.2 గ్రాముల మాంసకృత్తులు, 5.9 గ్రాముల కొవ్వు. చేప ఒకటే, కొవ్వు మాత్రం రెట్టింపు. కదలిక తక్కువ, మేత ఎక్కువ అయితే జరిగేది అదే. తవుడు మీదనే పెరిగిన ఫంగస్ కడుపు కోసినప్పుడు పేగుల చుట్టూ పసుపుపచ్చని కొవ్వు గడ్డలు కనిపిస్తాయి. అది రైతు డబ్బు పెట్టి కొన్న మేతే, తినేవారు పారవేసే రూపంలో.

ధర విషయంలోనూ నిజం చెప్పుకోవాలి. చేప కిలో 150 రూపాయలనీ, శుభ్రం చేశాక 650 గ్రాములు మిగులుతుందనీ అనుకుంటే అందులో దక్కేవి సుమారు 97 గ్రాముల మాంసకృత్తులు, అంటే గ్రాముకు రూపాయిన్నర. ఏడు రూపాయల కోడిగుడ్డులో ఆరు గ్రాములు ఉంటాయి కనుక గుడ్డే ఇంకా చవక. చేపను గుడ్డుతో పోటీ పెట్టి అమ్మలేము. తాజాదనం, రుచి, ముల్లు లేకపోవడం ఈ మూడింటితో అమ్మాలి.

చెరువు, పిల్ల

నీరు నిలిచే నేల కావాలి. తడి మట్టిని ముద్దగా చేసి పైకి ఎగరేసి పట్టుకున్నప్పుడు అది విడిపోకుండా ఉంటే ఆ నేల పనికివస్తుంది. ఉద్దానం వైపు ఇసుక నేలల్లో ఈ ప్రయత్నం వద్దు. ఆరు అడుగుల నీటిలోతు ఉంచాలి. గట్టు, గెడ్డ పొంగినా మునగని ఎత్తులో ఉండాలి. మదుము దగ్గర, పొర్లుకట్టు దగ్గర సన్నకన్ను జాలీ బిగించాలి. మార్పు గుంటకైతే గట్టు మీద చుట్టూ రెండు అడుగుల ఎత్తున వల కట్టాలి, ఎందుకంటే వానరాత్రి అది ముందురెక్కల ముళ్ల సాయంతో గట్టు ఎక్కి పక్క పొలంలోకి పాకిపోతుంది. పిల్ల వేయడానికి ముందు చెరువు ఎండగట్టి, మట్టి పీహెచ్‌ను బట్టి ఎకరాకు 80 నుంచి 200 కిలోల సున్నం చల్లాలి. నీటి పీహెచ్ 7 నుంచి 8.5 మధ్య ఉండటం మంచిది. మట్టి, నీటి పరీక్షల విషయంలో ఆమదాలవలస కృషి విజ్ఞాన కేంద్రాన్ని గాని మత్స్యశాఖను గాని సంప్రదించవచ్చు.

చెరువు తవ్వకానికి, ఫంగస్ సాగుకు అనుమతి, నమోదు తప్పనిసరి; 2020లో వచ్చిన రాష్ట్ర ఆక్వాకల్చర్ అభివృద్ధి ప్రాధికార సంస్థ చట్టం కింద ఆ పని జరుగుతుంది. గ్రామ సచివాలయంలోని మత్స్య సహాయకునితో మొదలుపెట్టాలి. 2020లోనే మొదలైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో యూనిట్ ఖర్చుపై సాధారణ వర్గాలకు 40 శాతం, మహిళలకూ ఎస్సీ, ఎస్టీలకూ 60 శాతం రాయితీ నిర్ణయించారు; పథకం ఇప్పుడు అమల్లో ఉన్నదో లేదో కనుక్కొని, తవ్వకం మొదలుపెట్టాక కాకుండా ముందే దరఖాస్తు చేయాలి. కిసాన్ క్రెడిట్ కార్డు 2018-19 నుంచి చేపల రైతులకూ వర్తిస్తున్నది. గడువులో తీర్చినవారికి వడ్డీ 4 శాతానికి దిగుతుంది. మేత కోసం దళారి దగ్గర అప్పు తీసుకొని, పట్టుబడి నాడు అతను చెప్పిన ధరకే చేప అప్పగించే దుస్థితి నుంచి తప్పించేది ఈ కార్డే.

ఫంగస్ పిల్లను ఎకరాకు 6,000కు మించి వేయవద్దని నా సలహా. గాలి పీల్చే చేప కనుక ఎన్ని వేసినా బతుకుతాయన్న మాట సగమే నిజం. ప్రాణవాయువు కొరతను అది తట్టుకుంటుంది గాని, దాని విసర్జన వల్లా మిగిలిపోయిన మేత వల్లా పుట్టే అమ్మోనియాను తట్టుకోదు. కిక్కిరిసిన చెరువులో చేప చావకపోయినా మేత తిని పెరగదు; అది చావు కంటే ఖరీదైన నష్టం.

మేత

నీటిపై తేలే గుళికల మేతనే వాడాలి. పిల్ల దశలో 30 నుంచి 32 శాతం మాంసకృత్తులు ఉన్నది, ఎదిగే కొద్దీ 28, ఆపై 24 శాతం ఉన్నది సరిపోతుంది. పిల్లకు దాని బరువులో 5 శాతం, 200 గ్రాములు దాటాక 3 శాతం, అరకిలో దాటాక 2 శాతానికి లోపు, ఉదయం సాయంత్రం రెండు పూటలుగా వేయాలి. ప్రతి 15 రోజులకు విసురువలతో ఓ యాభై చేపలను పట్టి, తూచి, సగటు కట్టి లెక్క మార్చుకోవాలి. ఉదాహరణకు 5,000 చేపలు సగటున 200 గ్రాములు ఉంటే మొత్తం బరువు 1,000 కిలోలు, రోజు మేత 30 కిలోలు. ఇరవై నిమిషాల తరువాత కూడా గుళికలు తేలుతూ ఉంటే మరుసటి పూట తగ్గించాలి. చేప మేత కోసం ఎగబడుతున్నదని సంతోషించి రెండు డొక్కులు ఎక్కువ వేసే పాలేరు, తెలియకుండానే యజమాని జేబు ఖాళీ చేస్తున్నాడు.

ఈ జాగ్రత్త విలువ ఎంతో లెక్క వేద్దాం. ఎకరంలో 70 గ్రాముల పెద్ద పిల్ల 6,000 వేసి, 85 శాతం దక్కి, సగటున 900 గ్రాములకు పెరిగితే పట్టుబడి 4,590 కిలోలు. వేసిన పిల్ల బరువు 420 కిలోలు తీసివేస్తే చెరువులో పెరిగినది 4,170 కిలోలు. కిలో పెరుగుదలకు 1.6 కిలోల మేత పట్టితే మొత్తం 6,672 కిలోలు. అజాగ్రత్త వల్ల 1.9 కిలోలు పట్టితే 7,923 కిలోలు. తేడా 1,251 కిలోలు. మేత కిలో 45 రూపాయలు అనుకుంటే 56,000 రూపాయల పైచిలుకు నీటిపాలు. ఒక్క ఎకరంలో, ఒక్క పంటలో, గుప్పెడు గుళికల అశ్రద్ధకు ఇది ధర.

ఇదే లెక్కను ఇంకొక అడుగు ముందుకు తీసుకుపోతే అసలు విషయం బయటపడుతుంది. 1.6ను 45తో గుణిస్తే కిలో చేపకు మేత ఖర్చే 72 రూపాయలు. మొత్తం ఖర్చులో మేత వాటా సుమారు 70 శాతం ఉంటుంది కనుక పిల్ల, కరెంటు, కూలి, లీజు కలిపితే కిలో 100 రూపాయల చుట్టూ తేలుతుంది. చెరువుగట్టున టోకు వ్యాపారి అంతకంటే తక్కువ ఇస్తానంటే ఆ చేపను అతనికి అమ్మడం కోసం పెంచకూడదు. ధరలు మారుతూ ఉంటాయి. మీ ఊరి ధరలు పెట్టి ఈ గుణకారం మీరే చేసుకోండి, కాని పిల్ల వేయడానికి ముందే చేసుకోండి.

ఖర్చు తగ్గించే మార్గంగా నరసన్నపేట వైపు మిల్లుల్లో దొరికే తవుడు, నూనె తీసిన తవుడు, వేరుశనగ చెక్క వాడవచ్చు. అయితే కిలో ధర తక్కువైనా కిలో చేపకు మూడు కిలోలకు పైగానే పడుతుంది, నీరు త్వరగా చెడుతుంది, కొవ్వు పెరుగుతుంది. రెండు పూటల్లో ఒక పూట గుళికలు, ఒక పూట చెక్కతో కలిపిన తవుడు పెట్టడం వరకు సమంజసం. కోళ్ల వ్యర్థాలు, చచ్చిన కోళ్లు మాత్రం ఎవరు ఉచితంగా తెచ్చి పోసినా వద్దు. అది నిషిద్ధం. అంతకు మించి, రాష్ట్రంలో ఫంగస్ చేపకు చెడ్డపేరు తెచ్చింది ఆ మేతే; ఒకసారి మీ చెరువు గురించి సంతలో ఆ మాట పుట్టిందంటే ఎంత మంచి చేపకైనా కొనేవారు ఉండరు. అలాగే క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ వంటి నిషిద్ధ మందులను ఎవరి సలహాపైనా వాడకూడదు. చేప మేత మానితే మొదట చేయవలసింది మేత ఆపి నీరు మార్చడం, ఆ తరువాత చేపను పరీక్షకు పంపడం.

ఎప్పుడు వేసి ఎప్పుడు పట్టాలి

మాఘంలో పిల్ల వేసి కార్తికంలో పట్టడం సులువుగా తోచే పద్ధతి. ఉత్తరాంధ్రలో అది పొరపాటని నా ఉద్దేశం. చేపలు బరువెక్కి ఉండే అక్టోబరులోనే మన తీరాన్ని తుపానులు తాకుతాయి: 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న పలాస ప్రాంతంలో తిత్లీ. ఆ గండం దాటినా కార్తిక మాసంలో ఎన్నో ఇళ్లు నీచు ముట్టవు.

అందుకు బదులుగా వానలు పడ్డాక, జులై నెలలో, 50 నుంచి 100 గ్రాముల పెద్ద పిల్ల వేయాలి. తుపాను కాలానికి చేప చిన్నదిగానే ఉంటుంది కనుక గట్టు తెగినా నష్టం పరిమితం. డిసెంబరు, జనవరిలో రాత్రి చలికి నీరు 20 డిగ్రీలకు దగ్గరైతే ఫంగస్ సరిగా మేయదు. అప్పుడు మేత సగానికి తగ్గించి, ఎండ ఎక్కాక ఒక పూటే వేసి, నీటిమట్టం నిండుగా ఉంచాలి. శివరాత్రి దాటాక చేప మళ్లీ ఊపందుకుంటుంది. ఏప్రిల్ 15 నాటికి పట్టుబడి మొదలుపెట్టి జూన్ వరకు కొంచెం కొంచెంగా పట్టుకోవచ్చు. వేట నిషేధం ముగియడానికి కొద్ది రోజుల ముందే, జూన్ 7, 8 తేదీల్లో వచ్చే మృగశిర కార్తెకు చేప తినాలన్న ఆనవాయితీ తెలుగునాట ఎలాగూ ఉన్నది. దీనికంతటికీ మే నెలలో నీరు ఉండటం షరతు. వేసవిలో ఎండిపోయే వర్షాధారపు చెరువుకు ఈ పద్ధతి కుదరదు. అక్కడ మార్పును ఆగస్టులో వేసి మార్చిలోగా పట్టుకోవడమే దారి.

అమ్మకం

కైకలూరు, ఆకివీడు వైపు వందల ఎకరాల్లో పెంచి లారీలకు ఎత్తేవారితో టోకు ధరలో మనం పోటీ పడలేము. వారు చేయలేనిది మనం చేయగలం: చేపను బతికుండగా కొనేవాడి కళ్ల ముందు పెట్టడం. గాలి పీల్చే చేప కావడం వల్ల నీళ్ల డ్రమ్ములో, చిన్న ఏరేటరుతో, సంత ముగిసేదాకా బతికే ఉంటుంది. ఒకేసారి నాలుగున్నర టన్నులు పట్టకుండా సంత రోజుల లెక్కన 100, 150 కిలోలు పట్టాలి. అక్కడే కోసి శుభ్రం చేసి ఇచ్చే మనిషిని పెట్టుకుంటే, పొలుసులేని జారుడు చేపను ఇంట్లో కోయడానికి వెనుకాడే కొనుగోలుదారులు కూడా వస్తారు. మధ్యాహ్న భోజనాల కేటరింగ్ వారికి, దాబాలకు ముల్లు లేని ముక్కగా ముందే ఒప్పుకొని ఇవ్వడం మరొక మార్గం.

మట్టివాసన గురించి ఒక మాట. నీటిలోని నీలిపచ్చ నాచు, కొన్ని సూక్ష్మజీవులు తయారుచేసే జియోస్మిన్ అనే పదార్థం చేప కొవ్వులో పేరుకోవడమే దానికి మూలం. మేత ఎక్కువై నీరు చిక్కబడ్డ చెరువులోనే నాచు పెరుగుతుంది కనుక ఇదీ చివరకు మేత తప్పే. అమ్మకానికి మూడు నుంచి ఐదు రోజుల ముందు చేపను సిమెంటు తొట్టిలోకి మార్చి, మేత ఆపి, బోరు నీరు పారిస్తూ ఉంచాలి; కొంత బరువు తగ్గినా, ఒకసారి కొన్నవాడు మళ్లీ వస్తాడు.

కొన్నవారికి చెప్పవలసినది కూడా కొంత ఉన్నది. రాళ్లుప్పు, తవుడు వేసి రుద్దితే జిగురు పోతుంది. జియోస్మిన్ పులుపులో విచ్ఛిన్నమవుతుంది కనుక చింతపండు పులుసు ఈ చేపకు వేపుడు కంటే తగిన వంట, నూనె కూడా తక్కువ పడుతుంది. మార్పు, ఇంగిలాయిల ముందురెక్కల ముళ్లలో విషం ఉంటుంది. ముందుగా వాటిని విరిచి తీయాలి. చేతికి గుచ్చుకుంటే తట్టుకోగలిగినంత వేడి నీటిలో చేయి ముంచి ఉంచితే, వేడికి ఆ విషం విరిగి నొప్పి తగ్గుతుంది. వాపు పెరిగితే ఆసుపత్రికి వెళ్లాలి.